గడప ముందు గొంతు: విశాఖలో ఓటు అడిగే అభ్యర్థి మాటతీరు సరిచేసుకోవడం ఎలా

కంచరపాలెంలో ఒక సన్నటి సందు. పొద్దున్న ఎనిమిదిన్నర. ముందు డప్పులు, వెనక కండువాలు, మధ్యలో మా అభ్యర్థి. ఒక ఇంటి ముందు ఆగి, గుమ్మంలోకి వచ్చిన పెద్దావిడకు దణ్ణం పెట్టి, నవ్వుతూనే అన్నాడు: "అమ్మా, నీ పింఛను మేమిస్తున్నదే కదా, గుర్తుంచుకో." ఆవిడ చేతులకు శనగపిండి అంటుకుని ఉంది. కొంగుతో తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆగి, "మీ ఇంట్లోంచి తీసిచ్చారేటి బాబూ?" అంది. గొంతు పెంచలేదు. కరపత్రం తీసుకుంది, నాలుగు మడతలు పెట్టింది, తలుపు దగ్గరగా వేసుకుంది. మేం పక్కింటికి వెళ్లిపోయాం. నా చేతిలో ఉన్న ఓటరు జాబితాలో ఆ ఇంటికి నాలుగు ఓట్లు.

చాలా ఏళ్లుగా విశాఖ వార్డు ఎన్నికల ప్రచారాల్లో పనిచేస్తున్నాను. ప్రసంగాలు రాసిస్తాను, అభ్యర్థి వెంట నడుస్తాను, రాత్రి ఆఫీసులో కూర్చుని ఆ రోజు ఎక్కడ మాట జారిందో చెబుతాను. ఇన్నాళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. హామీలు వినడానికి ముందే ఓటరు ఒక విషయం పట్టేస్తాడు: రేపు కుళాయి నీళ్లు రాకపోతేనో, ఇంటి పన్ను తప్పుగా పడితేనో ఈ మనిషి దగ్గరకు వెళ్తే నాతో ఎలా మాట్లాడతాడు? ప్రచారంలో విన్న గొంతే ఆ రోజూ వినిపిస్తుందని జనం అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్ల అంచనా చాలాసార్లు నిజమైంది.

మాటతీరు ఒక్కటే ఎవరినీ గెలిపించదు. పార్టీ గాలి, గుర్తు, కులం లెక్కలు, డబ్బు, చేసిన పనులు అన్నీ ఉంటాయి. 2024లో విశాఖ లోక్‌సభ మెజారిటీ 5 లక్షలు దాటింది. అంత గాలిలో ఎవరి గొంతు ఎలా ఉన్నా ఫలితం మారేది కాదు. కానీ అదే స్థానంలో 2019లో గెలుపోటముల తేడా 4,414 ఓట్లు. ఇక మహా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులున్నాయి. వార్డు స్థాయిలో ఒక వీధి అటు తిరిగితే ఒకరు, ఇటు తిరిగితే ఇంకొకరు గెలిచే సందర్భాలుంటాయి. అక్కడ ప్రతి గడప దగ్గరా గొంతు లెక్కలోకి వస్తుంది. ఈ మార్గదర్శి ముఖ్యంగా మొదటిసారి కార్పొరేటర్‌గా నిలబడుతున్నవాళ్ల కోసం. అసెంబ్లీకి పోటీ చేసేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: ముందు మీ గొంతు మీరు వినండి

నామినేషన్ కంటే కనీసం రెండు వారాల ముందు ఈ పని చేయండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకుని, రెండు రోజులు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరగండి. రాత్రి ఒంటరిగా కూర్చుని వినండి. విన్నాక చెరిపేయండి, అందులో వేరేవాళ్ల మాటలుంటాయి కాబట్టి ఎవరికీ పంపకండి. మీ సోషల్ మీడియా కుర్రాళ్లు పాట కలిపి చేసిన వీడియో చూస్తే ఏమీ తెలియదు. పచ్చి రికార్డింగే వినాలి.

వినేటప్పుడు మూడు చోట్ల చెవి పెట్టండి. ఎదుటి మనిషి సమస్య అడిగేలోపు "నేను", "మేము" ఎన్నిసార్లు అన్నారు? ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఎన్నిసార్లు అందుకున్నారు? అరవయ్యో ఇంటికి వచ్చేసరికి గొంతు ఏమైంది? మొదటి ఇంట్లో "బాగున్నారా అమ్మా?" అని ఆగి జవాబు విన్నవారే, ఎండెక్కాక "బాగున్నారామ్మా, మన గుర్తుకే ఓటెయ్యండి" అని ఒకే ఊపిరిలో చుట్టేస్తారు. రెండోది విన్న మనిషికి మీరు ఓటు కోసం మాత్రమే వచ్చారని తెలిసిపోతుంది. దీనికి మందు తేలిక. పూటకు నూట యాభై గడపలు అన్న లెక్క వదిలేసి, ఎనభై పెట్టుకోండి. మధ్యలో రెండుసార్లు ఎక్కడైనా నీడలో కూర్చోండి.

మీ మనుషులతో మీరు ఎలా మాట్లాడుతున్నారో కూడా అదే రికార్డింగ్‌లో దొరుకుతుంది. ఒకసారి ఆరిలోవ వైపు జీపు వెనక్కి తీయడంలో డ్రైవర్ కాస్త ఆలస్యం చేశాడు. "బుద్ధుందా నీకు?" అని అభ్యర్థి విసుక్కున్నాడు. చేతిలో మైకు ఆన్‌లో ఉంది. సందు మొత్తం వింది. ఆ వీధిలో ఎక్కువమంది ఆటో నడుపుకుని బతికేవాళ్లే. ఆ సాయంత్రం మళ్లీ అదే వీధికి వెళ్లి, డ్రైవర్‌ని పక్కన నిలబెట్టుకుని, "పొద్దున్న నేను తప్పుగా మాట్లాడాను" అని చెప్పమన్నాను. చెప్పాడు. కొంత నష్టం తగ్గింది, అంతా తగ్గలేదు.

రెండో మెట్టు: పిలుపు

తెలుగులో మాటతీరు సగం పిలుపులోనే ఉంటుంది. "నువ్వు", "మీరు" అన్న తేడా చాలు, మనిషి ముఖం మారిపోవడానికి. పైన చెప్పిన పెద్దావిడ దగ్గర పింఛను మాట ఎంత గుచ్చుకుందో "నీ", "గుర్తుంచుకో" కూడా అంతే గుచ్చుకున్నాయి. వయసులో పెద్దవాళ్లకు, ముఖ్యంగా తక్కువ సంపాదనతో బతికేవాళ్లకు, పారిశుద్ధ్య కార్మికులకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు తప్పనిసరిగా "మీరు" అనండి. అపార్ట్‌మెంట్‌లో "సార్, మేడమ్" అని, కింద వాచ్‌మన్‌ను "ఏయ్" అంటే ఆ వాచ్‌మన్ ఇంట్లో ఓట్లతో పాటు, పైనుంచి చూస్తున్న మేడమ్ ఓటు కూడా పోతుంది.

వరసలు వాడటంలో మన నేతలకు పెద్ద వారసత్వమే ఉంది. ఎన్టీ రామారావు సభల్లో "ఆడపడుచులు" అని పిలిచినప్పుడు ఇంటి ఆడపిల్లను పలకరించినట్టు ఉండేది. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో మొదలై ఇచ్ఛాపురం దాకా, 1,400 కిలోమీటర్లకు పైగా సాగిన పాదయాత్రలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి "నమస్తే అక్కయ్యా, నమస్తే చెల్లెమ్మా, నమస్తే అన్నయ్యా" అంటూ చెయ్యి ఊపడం జనానికి ఇంకా గుర్తే. వాళ్ల పిలుపును మీరు అనుకరిస్తే నకిలీగా వినిపిస్తుంది. మీ ఇంట్లో, మీ వీధిలో మీరు నిజంగా ఎలా పిలుస్తారో అదే వాడండి. "వదినా", "పిన్నిగారూ", "బాబాయ్", "తాతా" ఏదైనా సరే, రోజూ నోట్లో నానే మాట కావాలి.

ఇంకొక హెచ్చరిక. గోదావరి జిల్లాల నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు ప్రచారంలో "ఏటి", "సూడండి", "ఎల్లొస్తాం" అని ఉత్తరాంధ్ర యాస తెచ్చిపెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ యాసను సినిమాల్లో వెటకారానికి వాడి వాడి ఇక్కడివాళ్ల మనసు ఇప్పటికే చాలా నొచ్చుకుని ఉంది. మీ యాసలోనే మర్యాదగా మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరు. యాస మీ పుట్టుకతో వచ్చిందైతే మాత్రం మైకు ముందు సిగ్గుపడి దాచుకోవద్దు.

మూడో మెట్టు: చోటు తెలిసి మాట్లాడండి

విశాఖ ఒకే ఊరు కాదు. ఎంవీపీ కాలనీలో తలుపు తీసిన మనిషి రెండు నిమిషాలే ఇస్తాడు. సూటిగా, తక్కువ గొంతుతో, పార్కు గురించో డ్రైనేజీ గురించో చెప్పి వచ్చేయాలి. డప్పులు గేటు బయటే ఆగిపోవాలి. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

జాలరిపేటలు వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం. 2024 మే 13న పోలింగ్ జరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మామూలు రోజుల్లో వేటలో ఉండే మగవాళ్లు అప్పుడు ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ. చేతిలో డబ్బు ఆడని కాలం అది. అక్కడ నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, "మీ కష్టాలు నాకు తెలుసు" అంటే నమ్మరు. తెలియవు కాబట్టి నమ్మరు. వల పక్కన కింద కూర్చోండి. వాళ్లు పని ఆపనక్కర్లేదు. "నిషేధం రోజులకు ఇచ్చే సాయం ఎవరికి అందలేదు?" అని అడిగి ఊరుకోండి. అలా ఊరుకోవడం చాలామంది అభ్యర్థులకు చేతకాదు. నాలుగు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే టెన్షన్ వచ్చేసి ఏదో ఒకటి మాట్లాడేస్తారు. ఆ నాలుగు సెకన్లు ఆగితే, ఎవరో ఒకరు వల మీంచి తల ఎత్తకుండానే మొదలుపెడతారు. ఆడవాళ్లు చేపల గంపలతో పొద్దున్నే వెళ్లిపోతారు కాబట్టి వాళ్ల కోసం సాయంత్రం మళ్లీ వెళ్లాలి. ఒక్కసారే వెళ్లి మగవాళ్లతో మాట్లాడి వచ్చేస్తే సగం పేట మీ గొంతు విననట్టే.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళ్తే ఉక్కు మాట రాకుండా ఉండదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఉద్యమం జరిగి 32 మంది ప్రాణాలు పోయాయి. తర్వాత ఫ్యాక్టరీకి భూములిచ్చి, ఆర్ కార్డు (నిర్వాసితుల పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాల పాటు ఎదురుచూసిన నిర్వాసిత కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడులు ఉపసంహరించాలని నిర్ణయించినప్పటి నుంచి ఆ ఇళ్లలో నిద్ర లేదు. ఈ వీధుల్లో చాలామంది అభ్యర్థులు నినాదం అందుకుని గొంతు చించుకుంటారు. నినాదం వాళ్లది. మీరు దాన్ని వాళ్లకే తిరిగి వినిపిస్తే అరువు తెచ్చుకున్న కోపంలా ఉంటుంది. ఆర్ కార్డు ఉన్న ఇంట్లో గొంతు తగ్గించండి. కార్డు చూపిస్తే చేతిలోకి తీసుకుని చదవండి. చాలామంది అభ్యర్థులు దాన్ని చూడకుండానే "తెలుసు తెలుసు" అంటారు.

ఆర్.ఆర్. వెంకటాపురం గురించి ఒక్క మాట. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయిన చోటు అది. అక్కడ మైకులో ఆ ఊసే ఎత్తకండి. చెప్పాల్సింది ఉంటే లోపల కూర్చుని, నెమ్మదిగా. వాళ్ల దుఃఖం మీ ప్రసంగంలో ఒక వాక్యం కాకూడదు.

నాలుగో మెట్టు: మైకును అర్థం చేసుకోండి

ప్రచార జీపు మీదుండే హారన్ స్పీకర్ మంద్ర స్వరాన్ని దాదాపు మింగేస్తుంది, మధ్య స్థాయిని, కీచును పైకి తోస్తుంది. దూరానికి మాట వినిపించాలని అలా తయారుచేస్తారు. అందుకే మీరు మామూలుగా మాట్లాడినా కొంచెం గదమాయించినట్టు ఉంటుంది, అరిస్తే తిట్టినట్టే ఉంటుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు పట్టుకోండి. పక్కవాడితో మాట్లాడే గొంతుతోనే మాట్లాడండి. శబ్దం పెంచే పని యాంప్లిఫయర్‌ది. మేడల మధ్య సందుల్లో ప్రతిధ్వని వస్తుంది, కాబట్టి చిన్న వాక్యం చెప్పి, అది గోడకు తగిలి వచ్చేదాకా ఆగి, తర్వాతది అందుకోండి.

దీని గురించి అమెరికాలో జరిగిన ఒక సంగతి మా వాళ్లందరికీ చెబుతుంటాను. 2004 జనవరి 19 రాత్రి అయోవాలో డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోటీలో హోవర్డ్ డీన్ అనే నేత మూడో స్థానంలో వచ్చాడు. నిరాశలో ఉన్న కార్యకర్తలను ఉత్సాహపరచడానికి రాష్ట్రాల పేర్లు వరసగా చెబుతూ, చివర్లో ఒక పొలికేక పెట్టాడు. హాలులో గోల ఎంతుందంటే అక్కడున్న చాలామందికి ఆ కేక వింతగా అనిపించనే లేదు. కానీ చేతిలోని మైకు చుట్టుపక్కల గోలను వదిలేసి అతని గొంతునే పట్టింది. టీవీ చూసినవాళ్లకు ఒక మనిషి ఒంటరిగా కేకలు వేస్తున్నట్టు వినిపించింది. రోజుల తరబడి వందలసార్లు దాన్నే చూపించారు. ఇవాళ మన దగ్గర ప్రతి కార్నర్ మీటింగ్‌లోనూ పది ఫోన్లు ఇదే పని చేస్తున్నాయి. జగదాంబ జంక్షన్‌లో విజిళ్ల మధ్య బాగున్న మాట, రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని వాట్సాప్‌లో వినేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించి మాట్లాడాలి. మీ ఎదురుగా ఉన్న రెండొందల మంది ఎలాగూ మీవాళ్లే. నిజంగా తేల్చుకోవాల్సినవాళ్లు బాల్కనీలో, కిటికీ వెనక, ఫోన్‌లో ఉన్నారు.

గొంతు స్థాయి మీద పరిశోధనలూ ఉన్నాయి. కేసీ క్లాఫ్‌స్టాడ్ బృందం 2012లో ఒకే వాక్యాన్ని హెచ్చు, తగ్గు స్థాయిల్లో వినిపించి ఎవరికి ఓటేస్తారని అడిగింది. ఆడవాళ్లదైనా మగవాళ్లదైనా మంద్ర స్వరం వైపే ఎక్కువమంది మొగ్గారు. దాన్ని చూసి గొంతు బలవంతంగా బరువు చేసుకోవద్దు. రెండు రోజుల్లో గొంతు బొంగురుపోతుంది, పైగా నటనని తెలిసిపోతుంది. ఊపిరి పూర్తిగా తీసుకుని, వాక్యం చివర స్వరాన్ని పైకి ఎగరేయకుండా కిందికి దించితే చాలు.

మహిళా అభ్యర్థులకు ఇక్కడ అదనపు భారం పడుతుంది. గట్టిగా మాట్లాడితే "గయ్యాళి" అంటారు, నెమ్మదిగా మాట్లాడితే "ఈమె ఏం చేయగలదు" అంటారు. మన స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే అయినా, చాలా వార్డుల్లో మైకు భర్త చేతిలోనో, అన్న చేతిలోనో ఉంటుంది. నేను చూసినంతలో పనిచేసే దారి ఒకటే: మొదటి రోజు నుంచి ఆమే మాట్లాడాలి, తక్కువైనా సరే. గొంతు పెంచకుండా వివరం పెంచాలి. "మన వీధిలో పదకొండు దీపాల్లో నాలుగే వెలుగుతున్నాయి, నిన్న రాత్రి లెక్కపెట్టాను" అని మామూలు స్వరంతో చెప్పిన ఆమెను ఎవరూ ఏమీ అనలేకపోయారు. భర్త పక్కన నిలబడి వినాలి. ఆయన అందుకుని వివరించడం మొదలుపెడితే ఆమె గొంతు ఆ వీధిలో అక్కడితో అయిపోతుంది.

ఒక నియమం గుర్తుంచుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు. పరీక్షల రోజులైతే ఎనిమిదింటికే ఆపేయండి. పిల్లలు చదువుకునే ఇంట్లో ఆ నిశ్శబ్దం మీ తరఫున పనిచేస్తుంది.

ఐదో మెట్టు: ప్రత్యర్థి గురించి మాట్లాడేటప్పుడు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తిడితే ముందువరసలో ఈలలు పడతాయి, అభ్యర్థికి ఊపొస్తుంది, మర్నాడు ఇంకాస్త పెంచుతాడు. కానీ తిట్టు ఓట్లు తెస్తుందా? రిచర్డ్ లావ్, మరో ఇద్దరు పరిశోధకులు 2007లో 111 అధ్యయనాలను కలిపి చూశారు. తిట్లు జనానికి బాగా గుర్తుంటాయి, అంతవరకు నిజమే. తిట్టినవాడికి దానివల్ల ఓట్లు పెరుగుతాయన్న ఆధారం మాత్రం కనబడలేదు. తిట్టినవాడి మీద కూడా జనానికి అభిప్రాయం తగ్గుతోంది.

మనకు అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ కసురుకున్నారు. ఆ వార్త తెలుగువాళ్లందరినీ కాల్చింది. మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీ పెట్టి "ఆత్మగౌరవం" అన్నప్పుడు ఆ మాటకు అర్థం ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. 1983 జనవరిలో కాంగ్రెస్ ఓడింది. దానికి ఇంకా ఎన్నో కారణాలున్నాయి, ముఖ్యమంత్రులను పదేపదే మార్చడం వాటిలో ఒకటి. కానీ ఒక పెద్దమనిషితో మాట్లాడిన తీరును తమకే జరిగిన అవమానంగా జనం తీసుకోగలరని అప్పుడు తేలిపోయింది. 2014 ఎన్నికలకు ముందు నరేంద్ర మోదీని ఉద్దేశించి ఒక కాంగ్రెస్ నేత టీ అమ్ముకోవడం గురించి అన్న మాటను బీజేపీ "చాయ్ పే చర్చా"గా మార్చుకుంది. 2021లో బెంగాల్ ప్రచారంలో ప్రధాని "దీదీ, ఓ దీదీ" అని సాగదీసి పిలవడాన్ని తృణమూల్ మహిళలను అవమానించడమేనని తిప్పికొట్టింది, ఎన్నికల్లోనూ గెలిచింది. పార్టీ ఏదైనా, ఎగతాళి ఎవరి మీదో పడాలని విసిరితే వినేవాళ్ల మీద పడుతుంది.

అలాగని విమర్శ మానేయమని కాదు. విమర్శించని అభ్యర్థికి నిలబడటానికి కారణమే ఉండదు. మూడు ముక్కల్లో చెప్పండి: ఏ పని, ఎప్పటి నుంచి, ఎందుకు కాలేదు. "మన గెడ్డ పూడిక తీయిస్తామని చెప్పి మూడు వానాకాలాలు గడిచాయి. పోయినసారి నీళ్లు ఎవరిళ్లలోకి వచ్చాయో మీకే తెలుసు. ఎందుకు తీయించలేదో ఆయన చెప్పాలి." ఇందులో ప్రత్యర్థికి "ఆయన" అన్న గౌరవం ఉంది, తప్పించుకోవడానికి దారి లేదు. ఇదే విషయాన్ని "ఆ దొంగ మన సొమ్ము తినేశాడు" అంటే, వినేవాళ్లు గెడ్డ సంగతి మర్చిపోయి మీ నోటి గురించి మాట్లాడుకుంటారు. "నోరు మంచిది కాదు" అన్న ముద్ర ఒకసారి పడితే వార్డులో పోదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం విమర్శ విధానాలు, కార్యక్రమాలు, గత పనితీరు వరకే ఉండాలి, ప్రత్యర్థి వ్యక్తిగత జీవితం జోలికి పోకూడదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ ప్రకారం, నిజం కాదని తెలిసీ ప్రత్యర్థి వ్యక్తిత్వంపై అబద్ధం ప్రచారం చేసి అతని గెలుపు అవకాశాలను దెబ్బతీయడం అవినీతి చర్య. కులం, మతం, భాష పేరుతో ఓటడగడం కూడా అంతే. ఎన్నికే రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

ఆరో మెట్టు: హామీలో క్రియాపదం చూసుకోండి

"చేస్తాను", "చేయిస్తాను", "అడుగుతాను". ఈ మూడింటి మధ్య తేడాను మన జనం బాగా పట్టుకుంటారు. వీధి దీపం, చెత్త బండి, కాలువ గురించి కార్పొరేటర్ "చేయిస్తాను" అనొచ్చు. పెద్ద రోడ్డుకు నిధుల గురించి "కౌన్సిల్‌లో పట్టుబడతాను" అనాలి. ఉక్కు ఫ్యాక్టరీలో పెట్టుబడుల ఉపసంహరణ గురించి "ఆపేస్తాను" అంటే అది అబద్ధం. ఆ నిర్ణయం ఢిల్లీలో జరుగుతుందని గాజువాకలో చిన్న పిల్లాడికీ తెలుసు. "అది నా చేతిలో లేదు. మీ నిరసన శిబిరంలో కూర్చుంటాను, కౌన్సిల్‌లో తీర్మానం పెట్టమని అడుగుతాను" అని చెప్పడానికి ధైర్యం కావాలి. అలా చెప్పిన అభ్యర్థి మిగతా హామీలకు కూడా విలువ వస్తుంది.

ఏడో మెట్టు: ఎవరైనా నిలదీస్తే

తప్పకుండా నిలదీస్తారు. "అయిదేళ్లు ఎక్కడున్నారు?" అని ఒక ఇంటి ముందు కేక వినబడగానే మీ వెంట ఉన్న కుర్రాళ్లు ముందుకు దూకుతారు. మీరు చేయాల్సిన మొదటి పని చెయ్యి అడ్డం పెట్టి వాళ్లను ఆపడం. తర్వాత ఒక అడుగు ముందుకు వెళ్లండి, మైకు వేరేవాళ్లకు ఇచ్చేయండి. మైకుతో జవాబిస్తే అది గొడవ అవుతుంది.

ఆ మనిషిని పూర్తిగా చెప్పనివ్వండి. చివరిదాకా విని, అతను చెప్పిందే ఒక వాక్యంలో తిరిగి చెప్పండి: "అంటే కొళాయి కోసం మూడుసార్లు ఆఫీసుకు తిరిగారు, ఎవరూ పట్టించుకోలేదు, అంతే కదా?" అవునంటాడు. కోపం అక్కడ సగం దిగుతుంది. తర్వాత సమర్థించుకోవద్దు. "మా తప్పుంది" అనాల్సి ఉంటే అనండి. నంబరు రాసుకుని, మర్నాడు మీరే ఫోన్ చేయండి. మరుసటి రోజు ఫోన్ వచ్చిందన్న సంగతి ఆ వీధిలో మీ కరపత్రం కంటే వేగంగా తిరుగుతుంది.

తాగి వచ్చి తిట్టేవాళ్లుంటారు. వాళ్లకు నమస్కారం పెట్టి వెళ్లిపోండి. అంతకుమించి ఏమీ వద్దు.

ఎనిమిదో మెట్టు: మీ వెంట ఉన్న గొంతులు కూడా మీవే

మీరు ఎంత మర్యాదగా ఉన్నా, మీ పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్రత్యర్థి ఇంటి ఆడవాళ్ల మీద పోస్టు పెడితే అది మీ గొంతే. "నాకు తెలియదు" అంటే జనం నమ్మరు. అభ్యర్థి లేదా ఏజెంట్ సమ్మతితో ఇంకొకరు చేసిన తప్పుడు ప్రచారం కూడా చట్టం దృష్టిలో అభ్యర్థి మెడకే చుట్టుకుంటుంది. మొదటి సమావేశంలోనే గట్టిగా చెప్పండి: కుటుంబాలు, కులం, రూపం, జబ్బులు, వీటి మీద ఒక్క మాట కూడా వద్దు. ఎవరైనా దాటితే అదే రోజు గ్రూపులోంచి తీసేయండి, తీసేశామని గ్రూపులో చెప్పండి. దీనివల్ల ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు అలుగుతారు. అలగనివ్వండి.

మిమ్మల్నే ఎవరైనా తిడితే ఆ రాత్రి ఏమీ మాట్లాడకండి. నిద్రపోయి లేచాక, ముప్పై సెకన్లకు మించని జవాబు ఇవ్వండి. తిట్టును తిరిగి ఉచ్చరించకండి. ఉచ్చరిస్తే మీరే దానికి ఇంకోసారి ప్రచారం చేసినట్టు.

మాటతీరు పనిచేస్తోందో లేదో తెలిసేదెలా

కాన్వాయ్‌లో బైకులు లెక్కపెట్టకండి, అవి పెట్రోలుతో వస్తాయి. హారతులూ లెక్క కాదు, మన ఆడవాళ్లు గుమ్మానికి వచ్చిన ఎవరికైనా బొట్టు పెడతారు. మీరు అడగకముందే సమస్య చెబుతున్నారా? మీరు వెళ్లాక తలుపు తెరిచే ఉంటోందా? రెండోసారి వెళ్తే మీ పేరుతో పలకరిస్తున్నారా? "మీ నంబరు ఇవ్వండి" అని ఎన్ని ఇళ్లలో అడిగారు? ఈ చివరిదాన్ని నేను రోజూ రాసుకుంటాను. ఆ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే దారి సరైనదే.

చివరి 2 రోజులు, ఆ తర్వాత

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు బహిరంగ ప్రచారం ఆగిపోవాలి. పురపాలక ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చే గడువు వేరుగా చూసుకోండి. మైకులు ఆగాక ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. మొదటి రోజుల్లో మీ మీద కోపంగా మాట్లాడిన ఇళ్లకు, ఇద్దరు ముగ్గురితో మాత్రమే, కండువా లేకుండా వెళ్లే సమయం అది. ఓటడగొద్దు. "ఆ రోజు మీరు చెప్పింది రాసుకున్నాను" అని చెప్పి వచ్చేయండి. పోలింగ్ రోజున కేంద్రానికి 100 మీటర్ల లోపల ఓటు అడగడం నేరం. వరసలో నిలబడినవాళ్లను చూసి వేళ్లతో గుర్తు చూపించే అలవాటు కూడా మానుకోండి.

మేం కంచరపాలెం పెద్దావిడ ఇంటికి అలాగే రెండోసారి వెళ్లాం. ఆ రోజు అభ్యర్థి పింఛను మాటెత్తలేదు. "ఆ రోజు తప్పుగా అన్నాను, క్షమించండి" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది. నాలుగు ఓట్లూ ఎవరికి పడ్డాయో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఫలితం వచ్చిన మర్నాడు, గెలిచినా ఓడినా, అవే వీధులు నడవండి, ఈసారి డప్పుల్లేకుండా. ప్రచారంలో ఇచ్చిన ఫోన్ నంబరు మార్చకండి. తెలియని నంబరు నుంచి కాల్ వచ్చి, అవతల ఎవరో తటపటాయిస్తుంటే, "ఎవరు?" అని అడగకండి. "చెప్పండమ్మా" అనండి.